బిరడా తిప్పితే వేలు ఎటు జరుగుతుంది?

విశాఖపట్నంలో ద్వారం వెంకటస్వామి నాయుడి పేరిట ఒక కళాక్షేత్రం ఉంది. 1893లో బెంగళూరులో పుట్టిన ఆయన పెరిగింది విశాఖలో. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల మొదలైనప్పుడు వయొలిన్ ఆచార్యుడిగా చేరి, 1936లో దానికి ప్రిన్సిపాల్ అయ్యారు. ఆయన చేతిలోని వయొలిన్‌కూ వియన్నాలోనో లండన్‌లోనో వాయించే వయొలిన్‌కూ చెక్కలో తేడా లేదు, కమానులో తేడా లేదు, తీగల సంఖ్యలోనూ లేదు. తేడా అంతా బిరడాల్లో ఉంది. పాశ్చాత్య విద్వాంసుడు నాలుగు తీగలనూ జి, డి, ఏ, ఈ అని శ్రుతి చేస్తాడు. ఏ రెండు పక్క తీగలను తీసుకున్నా వాటి మధ్య షడ్జమ పంచమాల దూరమే ఉంటుంది. మన విద్వాంసుడు వాటిని బాగా దించి మంద్ర షడ్జమం, మంద్ర పంచమం, మధ్య షడ్జమం, మధ్య పంచమం అని పెట్టుకుంటాడు. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఐరోపా వాద్యకారుల దగ్గర నేర్చి మన సంగీతంలోకి తెచ్చిన ఆ వాద్యం ఇక్కడ స్థిరపడింది ఈ శ్రుతితోనే. గిటారు వాయించే యువకులు ఆల్టర్నేట్ ట్యూనింగ్ అని కొత్తగా చెప్పుకునే విద్య విజయనగరంలో నూరేళ్లకు పైగా పాఠంగా నడుస్తోందన్నమాట.

శ్రుతి మార్చగానే గిటారు నేర్చే ప్రతివాడికీ ఒకటే దిగులు. ఏళ్లతరబడి వేళ్లకు అలవాటు చేసిన పట్లు, వాళ్ల మాటలో షేపులు, ఒక్క దెబ్బకు పనికిరాకుండా పోతాయి. కొత్త శ్రుతికి కొత్త పటం కోసం వెతుకులాట మొదలవుతుంది. ఆ వెతుకులాట అవసరం లేదన్నది ఈ అధ్యాయంలో నా వాదన. బిరడా, వేలు రెండూ చేసేది ఒకే పని, తీగ పలికే స్వరాన్ని పైకో కిందికో జరపడం. శ్రుతి మార్చడమంటే ఆ పనిని రెంటి మధ్య మళ్లీ పంచడమే. కాబట్టి పట్టు అన్నది బట్టీపట్టాల్సిన బొమ్మ కాదు, కూడికలు, తీసివేతలతో తేలే లెక్క. ఆ లెక్క ఎంతదూరం నిలుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో చూద్దాం.

గిటారు మీద ఒక మెట్టు దాటితే స్వరం ఒక స్థానం పెరుగుతుంది. షడ్జమానికి సున్నా ఇచ్చి మన స్వరస్థానాలకు వరసగా అంకెలు వేస్తే శుద్ధ రిషభం 1, చతుశ్రుతి రిషభం 2, సాధారణ గాంధారం 3, అంతర గాంధారం 4, శుద్ధ మధ్యమం 5, ప్రతి మధ్యమం 6, పంచమం 7, అలా కాకలి నిషాదం 11 దాకా వస్తాయి. 12 అంటే మళ్లీ షడ్జమమే. కార్డ్ అంటే కలిసి మోగే స్వరాల గుంపు. మేజర్ కార్డ్‌లో ఉండేవి షడ్జమం, అంతర గాంధారం, పంచమం: 0, 4, 7. అందులో గాంధారాన్ని ఒక్క స్థానం దించితే మైనర్: 0, 3, 7. శంకరాభరణ, ఖరహరప్రియ రాగాల పూర్వాంగంలో ఉన్న తేడా కూడా ఈ ఒక్క గాంధారమే. మామూలు శ్రుతిలో గిటారు తీగలు లావుదాని నుంచి సన్నదానికి ఈ, ఏ, డి, జి, బి, ఈ. లావు ఈ తీగను షడ్జమం అనుకుంటే వట్టి తీగలు పలికేవి షడ్జమం, శుద్ధ మధ్యమం, కైశికి నిషాదం, సాధారణ గాంధారం, పంచమం, షడ్జమం. ఇందులో 0, 4, 7 మాత్రమే మిగలాలంటే (సన్నదాని నుంచి లెక్కిస్తే) ఐదో తీగను రెండు మెట్లు ఎత్తి పంచమం చేయాలి, నాలుగో తీగను రెండు మెట్లు ఎత్తి షడ్జమం చేయాలి, మూడో తీగను ఒక మెట్టు ఎత్తి అంతర గాంధారం చేయాలి. అంటే 0, 2, 2, 1, 0, 0. గిటారు పట్టిన మొదటి నెలలోనే అందరూ నేర్చే ఈ మేజర్ పట్టు ఇదే.

ఇప్పుడు ఆ మూడు వేళ్లు చేసిన పనిని బిరడాలకు అప్పగించండి. ఐదో తీగనూ నాలుగో తీగనూ రెండేసి స్థానాలు, మూడోదాన్ని ఒక స్థానం బిరడాతోనే బిగించండి. వేళ్లకు ఇక పని లేదు. వట్టి తీగలు మీటితే అదే కార్డ్ మోగుతుంది. గిటారు లోకంలో దీని పేరు ఓపెన్ ఈ. సూత్రం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది: బిరడా తీగను ఎన్ని స్థానాలు ఎత్తితే ఆ తీగ మీది వేలు అన్ని మెట్లు వెనక్కి రావాలి, ఎన్ని స్థానాలు దించితే అన్ని మెట్లు ముందుకు పోవాలి. శ్రుతి మారని తీగ మీద వేలు కదలనక్కర్లేదు. ఎంత వింత శ్రుతి పెట్టినా పాత పట్టులో మారేది శ్రుతి మారిన తీగల మీది వేళ్లే, అవీ మారినంత మేరకే. హవాయి గిటారులోనూ, విశ్వమోహన్ భట్ మోహన వీణలోనూ ఈ పంపకం చివరి అంచుకు చేరుతుంది. అక్కడ ఎడమచేతిలో ఉండేది వేళ్లకు బదులు ఒక లోహపు కడ్డీ. తిన్నని కడ్డీ అన్ని తీగలనూ ఒకే మెట్టు మీద తాకుతుంది గనక తీగకో రకంగా జరపడం దానివల్ల కాదు. ఆ తేడాలన్నీ ముందే బిరడాల్లో ఉండి తీరాలి.

సూత్రం అందంగానే ఉంది గానీ, వేలు సున్నా మెట్టుకంటే వెనక్కి పోలేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. సరైన ప్రశ్న. అసలు విషయం అక్కడే ఉంది. ఓపెన్ ఈ మొత్తాన్ని రెండు స్థానాలు దించితే ఓపెన్ డి వస్తుంది: డి, ఏ, డి, ఎఫ్ షార్ప్, ఏ, డి. డి ని షడ్జమం అనుకుంటే వట్టి తీగలు షడ్జమం, పంచమం, షడ్జమం, అంతర గాంధారం, పంచమం, షడ్జమం. మేజర్ కార్డ్‌కు ఒక్క వేలు కూడా పడనక్కర్లేదు. చూపుడువేలు ఐదో మెట్టు మీద అడ్డంగా పరిస్తే శుద్ధ మధ్యమం మీది మేజర్, ఏడో మెట్టు మీద పంచమం మీది మేజర్. మరి షడ్జమం మీద మైనర్ కావాలంటే? మూడో తీగ మీది అంతర గాంధారం ఒక స్థానం దిగాలి. అంటే వేలు మైనస్ ఒకటో మెట్టు మీద పడాలి. అలాంటి మెట్టు లేదు. అప్పుడు ఆ తీగకు వేరే పని చూడాలి. 0, 3, 7లలో ఆ తీగకు దగ్గరగా అందేది పంచమం, మూడో మెట్టు మీద. పోయిన గాంధారాన్ని మరో తీగ మోయాలి. నాలుగో తీగ మీది షడ్జమాన్ని మూడు మెట్లు ఎత్తితే సాధారణ గాంధారం దొరుకుతుంది. తేలిన పట్టు 0, 0, 3, 3, 0, 0. పాత పట్టును యాంత్రికంగా జరిపితే దొరకనిది, ఏ తీగ ఏ స్వరం మోస్తోందో తెలిసినవాడికి రెండు నిమిషాల్లో దొరికింది. మేజర్‌కు సున్నా వేళ్లు, మైనర్‌కు రెండు: ఈ శ్రుతి వాద్యం ముట్టకముందే శంకరాభరణం పక్షం వహించింది.

1960ల మొదట్లో ఇంగ్లండులో డేవీ గ్రేయం రూపొందించిన శ్రుతిని దీని పక్కన పెట్టి చూడాలి: డి, ఏ, డి, జి, ఏ, డి. అక్షరాలను కలిపి డాడ్‌గాడ్ అంటారు. ఓపెన్ డి కి దీనికి తేడా మూడో తీగ ఒక్కటే, అదీ ఒక స్థానమే. అంతర గాంధారం ఉన్నచోట శుద్ధ మధ్యమం వచ్చింది. ఆ ఒక్క స్థానంతో స్వభావమే మారిపోయింది, ఎందుకంటే వట్టి తీగల్లో గాంధారం లేకుండా పోయింది. మేజర్ కావాలంటే 0, 0, 4, 2, 0, 0. మైనర్ కావాలంటే 0, 0, 3, 2, 0, 0. ఒకే వేలు ఒకే మెట్టు జరిగితే చాలు, ఏ పక్షమూ లేదు. మన వయొలిన్ నాలుగు తీగల్లో గాంధారం ఎందుకు లేదో, వీణకు పక్కన కట్టే మూడు తాళపు తీగలు షడ్జమ పంచమాలే ఎందుకు పలుకుతాయో దీనితో అర్థమవుతుంది. కచేరీలో కల్యాణి తరవాత తోడి రావచ్చు, తోడి తరవాత మోహన రావచ్చు. గాంధారం ఏదో ముందే తేల్చేసే తీగ మధ్యలో ఉంటే సగం రాగాలతో అది పోట్లాడుతుంది. షడ్జమ పంచమాలు మాత్రం పంచమం ఉన్న ఏ రాగంతోనైనా ఇముడుతాయి.

కర్ణాటక సంగీతంలో కార్డ్‌లే లేవు, ఈ పోలిక ఎందుకని సంగీతజ్ఞులు అభ్యంతరం చెప్పవచ్చు. కార్డ్‌ల వరస మీద నడిచే సంగీతం మనది కాదన్న మాట నిజం. కానీ నేను పోలుస్తున్నది సంగీతాలను కాదు, బిరడాకూ వేలుకూ మధ్య పని పంపకాన్ని. వట్టి తీగల్లో ఏ స్వరాన్ని శాశ్వతంగా కట్టిపడేయాలి, ఏ స్వరాన్ని వేలికి వదిలేయాలి అన్న నిర్ణయం రెండుచోట్లా ఒకటే. డాడ్‌గాడ్‌లో మేజర్, మైనర్ తలుపులు రెండూ తెరిచే ఉంచడమూ, వీణ పక్కతీగల్లో గాంధారాన్ని రానివ్వకపోవడమూ ఒకే ఆలోచన నుంచి పుట్టినవని నా నమ్మకం, ఒకరినుంచి ఒకరు నేర్చుకోకపోయినా.

ఇదంతా కంప్యూటర్ చేసిపెడుతుంది కదా అన్నది రెండో అభ్యంతరం. చేసిపెడుతుంది, తప్పేమీ లేదు. వట్టి తీగ నుంచి పదకొండో మెట్టు దాకా తీగకు పన్నెండు స్థానాలు, మీటకుండా వదిలేయడం పదమూడోది. ఆరు తీగలకు కలిపి 13ను ఆరుసార్లు హెచ్చవేస్తే 48,26,809 పట్లు. మూడు స్వరాల కార్డ్ అనగానే ఒక్కో తీగ మీద సరిపడే మెట్లు మూడే మిగులుతాయి, వదిలేయడంతో నాలుగు. నాలుగును ఆరుసార్లు హెచ్చవేస్తే 4,096. శ్రుతి ఏదైనా ఈ అంకె మారదు, అదొక విశేషం. నలభై ఎనిమిది లక్షల నుంచి నాలుగు వేలకు దించింది కేవలం లెక్క. ఆ నాలుగు వేలలో మూడు స్వరాలూ లేనివి, నాలుగు మెట్లకు మించి చెయ్యి చాపాల్సినవి, నాలుగు వేళ్లకు లొంగనివి తీసేస్తే మిగిలేవి కొద్దే. ఇంతవరకు యంత్రం మనకంటే వేగం. అయితే మిగిలిన వాటిలో ఏది మంచిదో ఒంటరిగా ఉన్న కార్డ్‌ను చూసి చెప్పలేం. దానికి ముందు ఏ పట్టు ఉంది, తరవాత ఏది రావాలి, పాటలో పై స్వరం ఎటు నడుస్తోంది అన్న దాని మీద అది తేలుతుంది. ఏ తీగ ఏ స్వరం మోస్తోందో తెలిసినవాడికి యంత్రం ఇచ్చిన జాబితా పనిముట్టు. తెలియనివాడు మాత్రం అదే జాబితాను మరో కంఠపాఠం చేసుకుంటాడు.

చెవి ఉండగా లెక్క ఎందుకనేవారూ ఉన్నారు. వాళ్లతో నాకు పెద్ద పేచీ లేదు. చిన్నతనంలో పోలియో సోకి ఎడమచెయ్యి బలహీనపడిన కెనడా గాయని జోనీ మిచెల్, కష్టమైన పట్లు అందక పదుల కొద్దీ కొత్త శ్రుతులు కట్టుకున్నారు. వేళ్లు మోయలేని పనిని బిరడాల మీదికి నెట్టడానికి అంతకంటే స్పష్టమైన సాక్ష్యం ఉండదు. చెవి దారి చూపుతుంది, లెక్క ఆ దారిని గుర్తుపెట్టుకుంటుంది.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. శ్రుతులు మార్చుకుంటూ పోతే చేతికి అలవాటు ఎప్పుడు కుదురుతుంది? ఒకే శ్రుతిలో మునిగినవాడి వేగం నాలుగు శ్రుతులు తిరిగినవాడికి వస్తుందా? ఇందులో చాలా నిజం ఉంది. వేలి జ్ఞాపకం శ్రుతికి కట్టుబడి ఉంటుంది, సూత్రం దాన్ని తీర్చదు. అయితే అలవాటు ఎంత కాలంలో కుదురుతుందన్నది కూడా శ్రుతి నిర్మాణం మీదే ఆధారపడుతుంది. పాశ్చాత్య వయొలిన్‌లో తీగకూ తీగకూ ఏడేసి స్థానాలు. ఒక జత తీగల మీద నేర్చిన వేళ్ల నడక పక్క జత మీద మార్పు లేకుండా పనిచేస్తుంది. ఏ షడ్జమానికైనా మారుతూ పోయే సంగీతానికి అది అనువు. మన శ్రుతిలో దూరాలు ఏడు, ఐదు, ఏడు. పక్క తీగకు జరిగితే నడక మారుతుంది, రెండు తీగలు దాటితే సరిగ్గా పన్నెండు స్థానాలు, అంటే ఒక స్థాయి. మంద్రంలో పట్టిన సంగతి అవే వేళ్లతో మధ్యస్థాయిలో పలుకుతుంది. కచేరీ అంతా ఒకే షడ్జమం మీద నిలబడే సంగీతానికి కావలసింది అదే. ఒకరు సమదూరాన్ని కోరుకున్నారు, ఇంకొకరు స్థాయి పునరావృత్తిని కోరుకున్నారు, షడ్జమ పంచమాల దూరంతో రెండూ కలిసి దొరకవు. గిటారుదీ అదే చిక్కు. దాని దూరాలు ఐదు, ఐదు, ఐదు, నాలుగు, ఐదు. మధ్యలో ఆ నాలుగు ఎందుకు? అన్నీ ఐదులైతే మొత్తం 25, రెండు స్థాయిలకు ఒకటి ఎక్కువ. రెండు చివరల తీగలూ ఒకే స్వరం పలకవు. ఒక్కటి తగ్గించి 24 చేశారు. అందుకు చెల్లించిన మూల్యం, మూడో తీగ దాటగానే ప్రతి పట్టూ ఒక మెట్టు వంకర తిరగడం. ఆ వంకర వద్దనుకుని అమెరికా గిటారిస్టు స్టాన్లీ జోర్డన్ అన్నీ ఐదులే పెట్టుకున్నారు. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ మరో కోణంలో వెళ్లారు. మాండొలిన్‌కు నాలుగు జంట తీగలుంటాయి, జంటను లాగి గమకం పలికించడం కష్టం. ఆయన జంటలు తీసేసి ఐదు ఒంటి తీగలు కట్టి, విద్యుత్ మాండొలిన్ మీద గమకాలు పలికించారు. వాద్యం ఏదైనా, సంగీతానికి ఏది అవసరమో తేలాకే తీగల లెక్క తేలింది.

బిరడాకు మాత్రం ఒక హద్దు ఉంది. అది లెక్కలో లేదు, ఉక్కులో ఉంది. 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారంలో వైర్ రాడ్ మిల్లు నుంచి ఉక్కు చుట్టలు చుట్టలుగా బయటికొస్తుంది. ప్రపంచంలో ఎక్కడైనా గిటారు తీగ మొదట అలాంటి చుట్టే. అధిక కార్బన్ ఉక్కు చుట్టను అచ్చుల గుండా చల్లగానే లాగగా లాగగా అది పావు మిల్లీమీటరు తీగ అవుతుంది. గిటారు మీద మోగే తీగ నిడివి సుమారు 648 మిల్లీమీటర్లు, సన్న ఈ తీగ సెకనుకు 330 సార్లు కంపిస్తుంది. దాన్ని అలా మోగించాలంటే తీగ అడ్డుకోతలో ప్రతి చదరపు మిల్లీమీటరూ దాదాపు 1,430 న్యూటన్ల లాగుడు భరించాలి. ఇంటి స్లాబులో వేసే ఎఫ్ఈ 500 కడ్డీ సాగకుండా నిలిచే హద్దు 500. దానికి మూడింతలకు దగ్గరగా లాగుడు, ఎవరూ ముట్టని గిటారు తీగలో రాత్రింబవళ్లు నిలిచి ఉంటుంది. ఇంకో విశేషం, ఈ 1,430 తీగ లావు మీద ఆధారపడదు. లావు తీగను మోగించడానికి ఎక్కువ బలం కావాలి, కానీ ఆ బలాన్ని పంచుకునే ఉక్కూ అంతే ఎక్కువ ఉంటుంది. అందుకే లావు తీగ వేస్తే ఇంకా ఎత్తు శ్రుతి పెట్టవచ్చనుకోవడం పొరపాటు. స్వరం రెండు స్థానాలు పెరిగితే లాగుడు 26 శాతం పెరిగి 1,800 అవుతుంది, తీగ ఓర్చుకుంటుంది. ఐదు స్థానాలు ఎత్తితే దాదాపు 2,550 అవుతుంది. ఈ రకం ఉక్కు తెగిపోయే హద్దు అక్కడికి దగ్గరే. రెండు స్థానాలు దించితే లాగుడు దాదాపు 21 శాతం తగ్గుతుంది, తీగ కాస్త వదులై మెత్తగా పలుకుతుంది, అంతే. గిటారు శ్రుతుల్లో దించేవే ఎక్కువ ఉండడానికీ, ఓపెన్ ఈ కంటే ఓపెన్ డి వైపు చాలామంది మొగ్గడానికీ ఒక కారణం ఇదే. సముద్రపు గాలిలో ఉప్పు తడి ఉన్న విశాఖలాంటి ఊళ్లో తీగ మీద పడిన తుప్పు మచ్చ ఆ హద్దును ఇంకా కిందికి దించుతుంది, మచ్చ పడినచోట ఉక్కు మిగిలేది తక్కువ గనక.

చివరగా, వేలూ బిరడా ఒకే పని చేస్తాయన్న నా మాటకు ఒక సవరణ చెప్పాలి. వేలు మెట్టుకు బానిస, బిరడా కాదు. గిటారు మెట్లు స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తాయి. అంతర గాంధారం షడ్జమానికి నాలుగు మెట్ల పైన ఉంటుంది. చెవికి పూర్తిగా హాయిగా కలిసే అంతర గాంధారం, షడ్జమంతో 5:4 నిష్పత్తిలో ఉండేది, అంతకంటే మెట్టులో ఏడో వంతు కింద ఉంటుంది. బొబ్బిలి వీణలాంటి వాద్యంలో మెట్లను మైనంలో నిలుపుతారు గనక అక్కర పడితే సర్దవచ్చు. గిటారు మెట్టు చెక్కలో దిగిపోయి ఉంటుంది, సర్దలేం. కానీ ఓపెన్ డి లో అంతర గాంధారం వట్టి తీగ. చెవి పెట్టి మూడో తీగ బిరడాను ఆ ఏడో వంతు దించితే షడ్జమం మీది కార్డ్ నిశ్చలంగా నిలుస్తుంది. కడ్డీతో వాయించేవాడికి ఈ లాభం ఐదో మెట్టు మీదా ఏడో మెట్టు మీదా కూడా దక్కుతుంది, అన్ని తీగలూ కలిసే జరుగుతాయి గనక. వేళ్లతో వాయించేవాడు అదే శ్రుతిలో మైనర్ పట్టు, 0, 0, 3, 3, 0, 0, వేస్తే మూడో తీగ మూడో మెట్టు మీద పంచమం పలకాలి. అదిప్పుడు 220కి బదులు దాదాపు 218 సార్లు కంపిస్తుంది. పక్కనే రెండో తీగ అదే పంచమాన్ని 220 మీద పలుకుతోంది. రెండూ కలిసి సెకనుకు దాదాపు రెండుసార్లు ఊగుతాయి, వినేవాడికి శ్రుతి తప్పినట్టే ఉంటుంది. లెక్క మళ్లీ పనికొచ్చేది ఇక్కడే. మూడో తీగను మీటకుండా వదిలేస్తే మిగిలేవి షడ్జమం, పంచమం, సాధారణ గాంధారం, పంచమం, షడ్జమం. మైనర్‌కు కావలసిన మూడూ అందులోనే ఉన్నాయి, ఒక్క వేలితోనే.